అర్జీయు ఆరాధనయు

ఈ ఉపన్యాసనిధిని నెలకొల్పిన పెద్దలు, తమ పేరు ఆహ్వానపత్రికయందుగాని అచ్చుపుస్తకమునందుగాని కనబడరాదని ఆనాడే పట్టుపట్టి వ్రాయించియుండుటచే, పేరు చెప్పక స్మరింపవలసిన బాధ్యత ఏటేటను ఉపన్యాసకునిపై పడుచున్నది. వారు రేవులో గుమాస్తాగా ముప్పది యేండ్లకు పైగా పనిచేసి, పింఛనులో మిగిల్చిన సొమ్మును ఇందులకు కేటాయించిరి. వారు విధించిన నిబంధన ఒక్కటే: ఉపన్యాసకుడు ఏ విషయమునైనను ఎన్నుకొనవచ్చును గాని, వినవచ్చినవారు మరునాటి ఉదయము షిఫ్టునకు పోవలసినవారని మరువరాదు. ఆ నిబంధనను మనస్సునందుంచుకొనియే మాటలాడెదను.

రాజకీయముగా ఆశాభంగము పొందిన క్రైస్తవుడు తన విశ్వాసమును దాని కేంద్రముననే నిలుపుకొనుట ఎట్లన్నది నేటి విషయము. గడచిన కొన్ని యేండ్లుగా నాయొద్దకు వచ్చి కూర్చుండువారిలో, వయస్సునందును చదువునందును వృత్తియందును ఒకరికొకరు పోలికలేనివారు సయితము, చివరకు ఒక్క ప్రశ్నయొద్దనే వచ్చి ఆగుచున్నారు. తాము నమ్మి ఓటువేసినవారు ఓడిపోయిరని ఒకరు, గెలిచియు మాట నిలుపుకొనలేదని ఒకరు, న్యాయస్థానము గడప త్రొక్కినను తీర్పు తమవైపు రాలేదని మరియొకరు చెప్పి, ఇన్ని ఉపవాసకూటములు పెట్టి ప్రార్థించినను దేవుడేల ఊరకున్నాడని అడుగుచున్నారు. ఆ అడుగుటలో అవిశ్వాసము లేదు, అలసట యున్నది. అలసినవానికి సిద్ధాంతము చెప్పుటకన్న ముందు కూర్చుండుటకు పీట వేయవలెను.

అట్టి పీట నాకు లూకా వ్రాసిన సువార్తలో దొరకినది. అది ఒక విధముగా మన ఊరి పుస్తకమే. లండను మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజిస్ అనువారు, ఇంగ్లీషు కంపెనీవారి అనుమతి మిషనరీలకు సుళువుగా దొరకని దినములగుటచే, డెన్మార్కు త్రోవను వచ్చి 1804 చివర తరంగంబాడిలో దిగి, 1805లో విశాఖపట్టణము చేరిరి. మరుసటి యేట, 1806 జూలై 10న, వేలూరులో సిపాయిలు తిరుగబడగా, దొరలలో పలువురు ఆ నెపమును మతప్రచారకులపై మోపిరి. 1813 చార్టరు చట్టము వచ్చువరకు మిషనరీల ఉనికి అధికారుల చిత్తముపైననే ఆధారపడియుండెను. అట్టి అనిశ్చితిలో కూర్చుండి, ఆనందరాయరు అను మహారాష్ట్ర బ్రాహ్మణుడు ప్రక్కనుండి సాయపడగా, వారు సువార్తలను తెనిగించుటకు పూనుకొనిరి. క్రాన్ 1809లో చనిపోయెను. డిగ్రాంజిస్ 1810లో చనిపోయెను. మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు 1812లో సెరాంపూరునందు అచ్చుపడినపుడు, దానిని చేతబట్టుకొనుటకు ఆ మిషనరీలిద్దరిలో ఎవరును లేరు. అంతకుముందే బెంజమిన్ షుల్జ్ తెలుగు అనువాదమునకు పూనుకొనియుండినను అది అచ్చునకు నోచుకొనలేదు. కావున అన్యాయస్థుడైన న్యాయాధిపతి తలుపు తట్టిన విధవరాలును, ఎమ్మాయు త్రోవను తలవంచుకొని నడచిన శిష్యులును అచ్చుతెలుగులో మొట్టమొదట మాటలాడినది ఈ రేవునుండి పోయిన వ్రాతప్రతులవలననే. పాలకుల అనుగ్రహముపై నమ్మకము పెట్టుకొనుటకు వీలులేని మనుష్యులు ఆ పని చేసిరన్న సంగతిని, ఆ కథలను చదువునపుడెల్ల నేను జ్ఞప్తికి తెచ్చుకొనుచుందును.

ఎమ్మాయు కథను ముందు చెప్పెదను. ఇద్దరు శిష్యులు యెరూషలేమును విడిచి ఒక పల్లెకు నడచిపోవుచున్నారు. వారిది గురువు మరణించెనన్న దుఃఖము మాత్రమే కాదు. ఇశ్రాయేలును విడిపింపబోవువాడు ఆయనయే యని వారు ఆశపడియుండిరి. ఆ ఆశను రోమా అధికారము సిలువకు కొట్టి మూడు దినములైనది. ఇప్పుడా ఆశను గూర్చి చెప్పుకొనునపుడు వారి క్రియలన్నియు భూతకాలములోనికి జారిపోయినవి. త్రోవలో వచ్చి కలిసిన అపరిచితుడు ప్రభువే. అయినను ఆయన తొలుత తన్ను ఎరుకపరచుకొనలేదు, ఆ మాటలాపుడని వారింపలేదు, ఏమి జరిగినదని అడిగి, తానే అనుభవించిన సంగతిని వారి నోట కడవరకు వినెను. పిదప లేఖనములు విప్పి చెప్పెను. పిదప ప్రొద్దు గ్రుంకగా వారి ఇంట రొట్టె విరిచెను. అప్పుడు వారి కన్నులు తెరువబడినవి. ఇంతవరకు మన ప్రసంగములలో తరచుగా వినుచునే యున్నాము. నేను నిలిచి చూడగోరునది ఆ తరువాతి వాక్యమును. ఆ గడియనే లేచి, చీకటిలో, వచ్చిన త్రోవనే పట్టి, వారు యెరూషలేమునకు మరలిపోయిరి. ఆ నగరమున ఏమియు మారియుండలేదు: పిలాతు అధిపతిగానే యున్నాడు, కయప ప్రధానయాజకుడుగానే యున్నాడు, సిలువ వేసిన కొండ ఎక్కడిదక్కడనే యున్నది. ఆశ చచ్చిన ఊరికే ఆశతో మరలిపోవుట; విశ్వాసము కేంద్రమున నిలుచుటయన్న మాటకు నాకు తెలిసిన అర్థము ఇంతియే.

ఈ అర్థమును నేను మొదట పుస్తకమున నేర్చుకొనలేదు. 1966లో నేను పదేండ్లవాడను. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఊరంతయు మారుమ్రోగుచుండిన దినములవి. టి. అమృతరావుగారు నిరాహారదీక్ష పట్టియుండిరి. నవంబరు 1వ తేదీన మన ఊరిలో పోలీసు కాల్పులు జరిగినవి. ఆ ఉద్యమమున ప్రాణములు విడిచినవారు రాష్ట్రమంతటను 32 మందియని పెద్దలు చెప్పుదురు. మా తండ్రి రేవులో కళాసీ. ఓడ కాలువలోనికి వచ్చునపుడు ఎడమకుడులు చూడక, ఒడ్డున నున్న మూడు కొండలకును, అనగా వేంకటేశ్వరుని గుడికిని, దర్గాకును, రాస్ కొండమీది మరియమాత కోవెలకును, చేయెత్తి నమస్కరించు పనివారి నడుమ ఆయన బ్రతికెను. ఊరేగింపులోను వారితోనే నడిచెను. ఆ మంగళవారము రాత్రి ఆయన చాల ప్రొద్దుపోయి ఇల్లు చేరి, అన్నము ముట్టక గోడకు చేరగిలి కూర్చుండెను. తరువాతి ఆదివారము నెలలో మొదటిది గనుక బల్లారాధన. మా కాపరి ప్రసంగమునకు లేచి, వ్రాసికొనివచ్చిన కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, ఈ వారమున ఎవరేమి చూచితిరో చెప్పుడని సభను అడిగెను. చాలసేపు ఎవరును లేవలేదు. పిదప ఒక చేపలమ్ముకొను స్త్రీ లేచినది. ఆమె వెనుక ఇంకొకరు. మా తండ్రి ప్రార్థనాలయమున నోరు విప్పి మాటలాడుట నేను చూచినది ఆ ఒక్కనాడే. అందరును చెప్పుట ముగిసినపిమ్మట కాపరి ఒక్క మాటయైనను వ్యాఖ్యానింపక, బల్లయొద్దకు పోయి రొట్టె విరిచెను. సోమవారము ఉదయము మా తండ్రి సభకును పోయెను, పనికిని పోయెను.

ఆ ఉద్యమము కోరిన ఉక్కు కర్మాగారమును పార్లమెంటులో ప్రకటించుటకు 1970 వరకు పట్టినది. 1971 జనవరి 20న శంకుస్థాపన. జాతికి అంకితమగుటకు 1992 ఆగస్టు 1. మరల 2021 జనవరి 27న దానిని పూర్తిగా విక్రయించుటకు కేంద్ర మంత్రివర్గపు ఆర్థిక వ్యవహారాల సంఘము సూత్రప్రాయముగా అంగీకరించినది. ఫిబ్రవరి 12నుండి కూర్మన్నపాలెమున రిలే నిరాహారదీక్షల శిబిరము వెలసినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణసాయము ప్రకటింపగా, కొందరు సంతోషించిరి, కొందరు సందేహించిరి. తన తండ్రి దేనికై లాఠీదెబ్బలు తినెనో దానికై తానును, తనతోబాటు తన కుమారుడును మరల అదే ఎండలో కూర్చుండవలసివచ్చిన మనిషికి, చరిత్ర ముందునకు నడచునని చెప్పుట కష్టము. అయితే ఆ శిబిరమున కూర్చుండువారిలో మన సంఘములవారును ఉన్నారు. వారిని గూర్చి మన ఆరాధనలలో ఎన్నడైనను బాహాటముగా ప్రార్థించితిమా యని మనలను మనము అడుగుకొనవలెను.

ఇక తెలుగు క్రైస్తవుని హృదయమున అన్నింటికన్న లోతుగా దిగిన ఆశాభంగమునకు వచ్చెదను. 1947లో రాజ్యాంగపరిషత్తు అంగీకరించిన ఏర్పాటు ప్రకారము మద్రాసు, బొంబాయి రాష్ట్రములలో భారతీయ క్రైస్తవులకు శాసనసభయందు ప్రత్యేకస్థానములుండవలసియుండెను. మనము నాడు మద్రాసు రాష్ట్రమువారమే. అయినను 1949 మే 11న సర్దార్ వల్లభభాయి పటేలు అధ్యక్షతన కూడిన సలహాసంఘము మతపరమైన అల్పసంఖ్యాకుల ప్రత్యేకస్థానములను తొలగించుటకు తీర్మానించినపుడు, ఆ తీర్మానమును ప్రతిపాదించినవారు స్వయముగా క్రైస్తవులు, పరిషత్తు ఉపాధ్యక్షులు, హరేంద్రకుమార ముఖర్జీగారు. ఇది భీరుత్వము కాదు. అంతకు రెండు దశాబ్దముల ముందే కె. టి. పాల్ వంటి నాయకులును, మన తెలుగునేలపై దోర్నకల్ బిషప్పుగా నుండిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారును ప్రత్యేక నియోజకవర్గములను ఎదిరించియుండిరి. 1912 డిసెంబరు 29న అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయిన అజరయ్యగారు, తమ అధ్యక్షమండలమున మాల మాదిగ పల్లెలనుండి వేలకొలది జనులు సువార్తను అంగీకరించుట చూచినవారు. క్రీస్తు శరీరమగు సంఘము ఓట్లు లెక్కించుకొను ఒక కులముగా మారిపోవునని వారి భయము. అది గొప్ప నమ్మకము: మేము వేరుగా ఏమియు కోరము, పొరుగువానితోపాటు మాకును న్యాయము జరుగునని.

ఆ తీర్మానము జరిగి పదునైదు నెలలు గడిచినవి. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, మూడవ పేరాలో, హిందూమతము తప్ప వేరొక మతము నవలంబించువాడు షెడ్యూల్డు కులమువానిగా ఎంచబడడని విధించినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ పేరా సడలింపబడినది. క్రైస్తవునికి సడలలేదు. మద్రాసు వీథిప్రక్కన చెప్పులు కుట్టుకొను సూసై అను క్రైస్తవుడు, తనవంటి చర్మకారులకు ప్రభుత్వమిచ్చు చిన్న దుకాణపు పెట్టె తనకు మాత్రమేల రాదని సుప్రీం కోర్టువరకు పోయెను. 1985లో తీర్పు ఆయనకు ప్రతికూలముగా వచ్చినది. 2004నుండి మరల ఆ న్యాయస్థానముననే వ్యాజ్యములు నడచినవి. 2007లో రంగనాథ మిశ్రా కమిషను ఆ మతనిబంధనను తొలగింపుమని సిఫారసు చేసినది; 2022 అక్టోబరులో కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషను ఏర్పడినది; 2023 మార్చిలో మన రాష్ట్ర శాసనసభ కేంద్రమును కోరుచు తీర్మానించినది. డెబ్బది అయిదేండ్లకు పైబడిన అర్జీ యిది. నా జీవితకాలముకన్న పెద్దది.

సూసై వ్యాజ్యమున న్యాయస్థానము అడిగిన ప్రశ్నను నేను తరచుగా తలపోసికొందును. మతము మారిన పిదపను, ఆ క్రొత్త మతపు వాతావరణమున, కులమువలన కలుగు అశక్తత అంతే తీవ్రముగా కొనసాగుచున్నదని ఋజువేది యని వారడిగిరి. ఋజువు మనయొద్దనే యున్నది. అది మన సమాధితోటలలో నున్నది. ఏ గోడకు ఈవల ఎవరు, ఆవల ఎవరు పాతిపెట్టబడుదురో ఆ గోడలలో నున్నది. అది మన వివాహ పత్రికలలో నున్నది. బిషప్పు ఎన్నికలనాడు ఈ కులమువాడా ఆ కులమువాడా యని లెక్కలు కట్టు మన కమిటీ గదులలో నున్నది. ప్రభుత్వమునెదుట మన అర్జీ నెగ్గవలెనన్న, దేవునియెదుట మన పాపమును మనమే ఒప్పుకొనవలసియున్నది. న్యాయవాది దాఖలుచేయు అఫిడవిట్టును, ఆరాధనయందు మోకరించి చదువు పాపపు ఒప్పుకోలును ఇచ్చట ఒక్క కాగితమే యగుచున్నవి. ఇది మనకు అవమానముగా తోచవచ్చును. నాకు ఇందులో దేవుని కరుణయే కనబడుచున్నది. ఏలయనగా, రాజ్యమువలన మనకు అన్యాయము జరిగినదని చెప్పుటతోనే తృప్తిపడిన సంఘము, తన ఆశాభంగమును అలంకారముగా ధరించి తిరుగును. ఆ అన్యాయమునకు తానును పాలుపంచుకొంటినని కన్నీటితో ఒప్పుకొనిన సంఘము మాత్రమే శత్రువును ద్వేషింపక న్యాయము కోరగలదు. మన పత్రములలో మొదటి భాగము చాల స్పష్టముగా నుండును. రెండవ భాగమును వ్రాయుటకు ఇంకను చేయి వణకుచునే యున్నది.

గుఱ్ఱం జాషువగారు క్రైస్తవ గృహమున పుట్టి, 1941లో గబ్బిలమును వ్రాసినపుడు, గుడిలోనికి పోనేరని అస్పృశ్యుడు కాశీవిశ్వనాథునికి ఒక గబ్బిలముచేత తన మొర పంపుకొనుటగా కావ్యమును కల్పించిరి. అదియు అర్జీయే. ఆ మహాకవియే పిదప క్రీస్తుచరిత్ర వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిరి. అర్జీ వ్రాసిన చేతితోనే సువార్త వ్రాసిరి; ఒకదానికొకటి అడ్డమని వారికి తోచలేదు.

తోచినది మనకు. 1985 జూలై 17న కారంచేడులో దళితులు చంపబడగా, మిగిలినవారు చీరాలకు పారిపోయి అచ్చటి చర్చి ఆవరణమున తలదాచుకొనిరి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది చంపబడిరి. వారి సమాధులు ఊరినడుమ రక్తక్షేత్రమను పేర నేటికిని ఉన్నవి. చుండూరు వ్యాజ్యమున 2007లో ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు విధింపగా, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసినది. ఈ పల్లెలలో బాప్తిస్మము పొందినవారు అనేకులు. ఆ దినములలో మన సంఘములలో కొన్ని తలుపులు తెరచినవి. కొన్ని, ఇవి లోకసంబంధమైన కలహములని, విశ్వాసి పరలోకమువైపు చూడవలెనని బోధించినవి. పరలోకమువైపు చూచుట తప్పు కాదు. అయితే ఎమ్మాయు శిష్యులకు ప్రభువు కనబడినపుడు వారు పైకి చూచుచు నిలిచిపోలేదు, ఊరికి మరలిరి. ప్రక్కవాని శవము మోయనొల్లక పైకి చూచువాని చూపు ఎవనివైపునకు పోవునో నాకు తెలియదు.

దీనికి ఎదురుగా ఇంకొక శోధన గలదు. మన తరమున అదియే ప్రబలము. రాజకీయమునుండి తప్పుకొనుట కాదు, దానినే బలిపీఠముగా చేసికొనుట. ఎన్నికల ముందరి ఆదివారమున అభ్యర్థులు ముందు వరుసలలో కూర్చుండుట, వేదికపై శాలువాలు కప్పుట, ఫలానావారు వచ్చిన మనకు మేలగునని ప్రార్థనలోనే సూచించుట మీరెరుగనిది కాదు. క్రైస్తవుడు ఒక పార్టీకి ఓటువేయవచ్చును, పార్టీలో పనిచేయవచ్చును, మంత్రియు కావచ్చును, అది పౌరధర్మము. కాని ఒక నాయకుని గెలుపును దేవుని వాగ్దానముగా ప్రకటించిన కాపరి, ఆ నాయకుడు ఓడినపుడు తన సంఘమునకు ఏమి చెప్పగలడు? ఓటమివలన విశ్వాసము చెడెనని అట్టివారు వాపోవుదురు. ఓటమి అంతకుముందే చెడియున్నదానిని బయటపెట్టినది. పెండ్లిపందిరి మూలగుంజ పుచ్చినదైనచో గాలి వీచిన గడియను నిందించి లాభమేమి?

లూకా చెప్పిన విధవరాలి కథలో ఈ రెండు శోధనలకును మందున్నది. ఆమె ఊరి న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుష్యులను లక్ష్యపెట్టడు. ఆమెకు లంచమిచ్చుటకు సొమ్ము లేదు, సిఫారసు చెప్పుటకు భర్త లేడు. ఆమె చేసినది ఒక్కటే, తిరుగుట. ఈ కథను ప్రభువు చెప్పినది విసుగక ప్రార్థింపవలెనని నేర్పుటకేయని సువార్తికుడే ముందుగా తెలుపుచున్నాడు. అయినను ఆమె గదిలో తలుపు వేసికొని ప్రార్థించెనని కథలో లేదు; ఆమె ప్రార్థన ఆమె కాళ్ళలో నున్నది. ఇంకొక సంగతి మరువరాదు. దేవుడు ఆ న్యాయాధిపతివంటివాడని ప్రభువు చెప్పలేదు. అట్టివాడే వినినపుడు దేవుడు వినడా యని అడిగెను. అనగా రెండు పీఠములున్నవి. ఆమె రెండింటియెదుటను నిలిచినది గాని ఒకదానిని మరియొకటిగా పొరబడలేదు. న్యాయాధిపతిని దేవునిగా ఎంచినవాడు మొదటి వాయిదాతోనే కూలిపోవును. దేవుని ఆ న్యాయాధిపతివంటివానిగా ఎంచినవాడు ప్రార్థించుట మానును. కథ ముగించుచు, మనుష్యకుమారుడు వచ్చునపుడు భూమిమీద విశ్వాసము కనబడునా యని ప్రభువు ఒక ప్రశ్న వేసెను. వ్యాఖ్యానకర్తలకు ఆ ప్రశ్న కథకు అతుకనట్లు తోచుట కలదు. అర్జీ చేతబట్టుకొని ఏండ్లతరబడి తిరిగినవారికి అట్లు తోచదు.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట, నేను సంఘ కార్యదర్శిగా నుండగా, ఒక యువకుడు ఆదివారము ఆరాధన ముగిసినపిమ్మట వచ్చి, సంఘపు రిజిస్టరులోనుండి తన పేరు కొట్టివేయుమని అడిగెను. ఉద్యోగమునకు ఎస్సీ సర్టిఫికెట్టు కావలసియున్నదనియు, చర్చిలో పేరున్నదని ఎవరో ఫిర్యాదు వ్రాసిరనియు, బీసీ–సి క్రింద మన రాష్ట్రమున క్రైస్తవులుగా మారిన దళితులకున్నది ఒక్క శాతమేననియు, అందులో తనకు చోటు దొరకుట కల్లయనియు చెప్పెను. ఆతని కుటుంబము ఉక్కు కర్మాగారముకొరకు ఖాళీ చేయించిన పల్లెలలో ఒకదానినుండి వచ్చినది. భూమి పోయినది, నిర్వాసితులకిచ్చు ఆర్ కార్డు చేతికి వచ్చినది, ఉద్యోగము రాలేదు. నేను ఆతనికి హతసాక్షుల చరిత్ర చెప్పితిని. అప్పటికి నాకు ముప్పదియేండ్లుగా నెలజీతము వచ్చుచుండెనన్న సంగతి నాకా నిమిషమున తోపనే లేదు. ఆతడు మారుమాటలాడక పోయెను. మరల ప్రార్థనకు రాలేదు.

రెండు మాసములైన పిదప ఆతని తల్లి వచ్చినది. అరుగుమీద కూర్చుండి, చెంగు సవరించుకొని, “బాబూ, మీ పుస్తకంలో మా వోడి పేరు నేకపోయినా, ఆ పై పుస్తకంలో ఉంటాది కదా?” అని అడిగినది. నలుబదియేండ్లుగా వేదాంతగ్రంథములు చదివిన నేను ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేకపోతిని. నిజమైన విశ్వాసి ప్రాణము పోయినను పేరు దాచుకొనరాదని పలుకుట నాకు సుళువు. పేరు దాచుకొనని యెడల అన్నము లేకుండ చేసిన శాసనమును గూర్చి, ఆ శాసనమును మార్పించుటకు డెబ్బదియేండ్లుగా గట్టిగా కదలని నావంటి చదువరులను గూర్చి పలుకుట కష్టము. ఉంటుందమ్మా యని మాత్రము చివరకు చెప్పితిని. ఆమె తల యూపి, అయితే మరి ఈ కాగితం చూడమని, చంకలోని బైబిలు తెరచి, దానినడుమ మడిచిపెట్టిన అర్జీ నకళ్ళను తీసి నా చేతికిచ్చినది. భూమికి సంబంధించిన పాత పట్టా నకలు ఒకటి వాటిలో నున్నది. యెరూషలేము ముట్టడిలో నుండగా యిర్మీయా అనాతోతులో పొలము కొని, ఆ క్రయపత్రమును మంటికుండలో దాచిపెట్టించిన అధ్యాయమును నేనెన్నిమార్లు బోధించితినో లెక్కలేదు. ఆ కుండ ఎట్లుండునో ఆనాడు చూచితిని.

ఆనాటినుండి మా సంఘమున ఒక క్రొత్త అలవాటు ఏర్పడినది. బల్లారాధన ముగిసి పాత్రలు కడిగి సర్దినపిమ్మట, ఆ బల్లనే కొంచెము ప్రక్కకు జరిపి, నేనును, పదవీవిరమణ చేసిన మరియిద్దరు ఉపాధ్యాయులును కూర్చుందుము. ఎవరి అర్జీ వారు తెచ్చుకొందురు: సర్టిఫికెట్టు, పింఛను, ఇంటిస్థలము, ఆర్ కార్డు, ఆసుపత్రి బిల్లు. సంఘమువారే రావలెనన్న నియమము లేదు. పొరుగునున్న రామకోవెల వీథివారును వత్తురు. కొందరు పెద్దలకు ఇది మొదట రుచింపలేదు. ప్రభువు బల్లపై రెవిన్యూ కాగితములేమిటని అడిగిరి. నేను వాదింపలేదు. ఉదయము ఆ బల్లయొద్దనే, మా గోడలకు ఆవల ఎవరిని పాతిపెట్టితిమో ఒప్పుకొనుచు ఒక ప్రార్థన చదువుట మొదలిడితిమి. అది పూర్తిగా చదువగలుగుటకు నాకే మూడు ఆదివారములు పట్టినది.

ఆ యువకుడు ఇంకను రాలేదు. ఆతనికి ఉద్యోగము దొరకినదో లేదో ఆతని తల్లి చెప్పదు, నేనడుగను. రిజిస్టరులో ఆతని పేరును నేను కొట్టివేయలేదు, క్రొత్త పుస్తకములోనికి ఎక్కించనులేదు. పాత పుస్తకము నా పెట్టెలో నున్నది. ఆమె మాత్రము ప్రతి బల్లారాధనకును వచ్చును. మొన్నటి ఆదివారమున, వెనుకటి అర్జీకి బదులు రాలేదని, మరల వ్రాయుమన్నది. పాత నకలు చూచి, తేదీ మార్చి వ్రాసితిని. వ్రాయుచుండగా ఆమె ప్రక్కనే నిలిచి, ప్రతి పంక్తికిని పెదవులు కదపినది. చదువురాదు గనుక అది ప్రార్థనయై యుండవలెను. ముగించి చదివి వినిపింపగా, తన పల్లె పేరు ఒత్తి చదవలేదని మరల చదివించుకొనినది. వేలిముద్ర వేసి, వ్రేలిని కొంగునకు తుడుచుకొని, కాగితమును బైబిలులో పెట్టుకొనినది. ఆ కార్యాలయము తలుపులు సోమవారము పదిన్నరకు తెరచుదురు. ఆమె ఎనిమిదింటికే గాజువాక జంక్షనులో బస్సు ఎక్కినదని మా ప్రక్కింటివారు చెప్పిరి.